ఐడిలింగ్

పరుగెత్తేటప్పుడు ఏ రోగమూ లేదండీ దీనికి.
బందరు రోడ్డెక్కితే బాణం.
ఆగమంటేనే,
బెంజి సర్కిల్ ఎర్రలైటు దగ్గర
నూట ఇరవై సెకన్లు ఊరికే నిలబడమంటేనే
ఒళ్లంతా వణుకు,
చలిజ్వరమొచ్చినోడి నులకమంచంలా.

ఎర్రటి రెండు డోర్ల బండి. గుడ్డ టాపు.
గోవాలో కట్టారట, ఇంజను ఫ్రెంచిదట,
నెంబరు ప్లేటు మాత్రం ఏపీ పదహారు, మనదే.
ఆటోనగర్లో లారీల మధ్య నిలబెడితే
పెళ్లి హాలు బయట
పెద్దోళ్ల చెప్పుల గుట్టలో
ఒంటిగా మిగిలిన పసిదాని బూటు.

మూడు రోజులు.
ప్లగ్గులు మార్చాను. వైర్లు మార్చాను.
థ్రాటిల్ బాడీ విప్పి
పాతికేళ్ల మసిని పళ్లబ్రష్షుతో తోమాను.
కాయిలు అరువు తెచ్చి పెట్టి చూశాను.
ముల్లు మాత్రం
ఆరొందలకీ పదకొండొందలకీ మధ్య
అప్పడగడానికొచ్చి గుమ్మంలో తచ్చాడే మనిషిలా
లోపలికీ రాదు, వెనక్కీ పోదు.

"రేసు కొంచెం పెంచేద్దాం అన్నా, వణుకు తెలీదు"
అన్నాడు మా ఏసుపాదం.
నిజమే, తెలీదు.
సగం బెజవాడ అట్లాగే తిరుగుతోంది.
వాడి చేతిలో స్క్రూడ్రైవరు లాక్కున్నాను.

నాలుగోనాడు మధ్యాహ్నం ఆవిడే వచ్చింది,
మత్తు డాక్టరు హైమవతి గారు.
పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయారు.
ఈ వయసులో ఈ బండేంటమ్మా అని ఒకసారడిగితే
"ఊళ్లో వాళ్లందర్నీ నిద్రపుచ్చాను బాజీ,
నాకంటూ ఒక మెలకువ వద్దా?" అన్నారు.
బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని
గోలీసోడా తాగుతున్నారు.

మా వీధి సంగతి తెలుసుగా.
లారీ బాడీలు కొట్టే సుత్తులు, లేతులు,
హారన్లు సరిచూసేవాడు చూసిందే చూడటం.
నా కుడిచెవి ఇక్కడే ఎక్కడో పడిపోయి పదేళ్లయింది.

రెండూ ఇరవైకి కరెంటు పోయింది.
లేతు చివరి చుట్టు తిరిగి ఆగింది.
కంప్రెసరు నిట్టూర్చింది.
ఫ్యాన్లు పోయాయని సుత్తులవాళ్లూ
బీడీలకి నీడలోకి వచ్చేశారు.
వీధి మొత్తానికీ ఇదొక్కటే
వణుకుతూ.

ఆవిడ సోడా కింద పెట్టారు.
"ఇది దొంగతనంగా ఊపిరి పీలుస్తోందయ్యా."

పమిట బొడ్లో దోపి
నేనిచ్చిన రెండడుగుల రబ్బరు గొట్టం చెవికానించి
రెండో కొస ఇంజను మీద తిప్పుతూ
కళ్లు మూసుకున్నారు.
ఫిల్టరు దగ్గర కాదు. గాస్కెట్ దగ్గరా కాదు.
బ్రేకు బూస్టరుకెళ్లే గొట్టం,
దాని వంపు కింద,
నా కళ్లెప్పుడూ వెళ్లని వైపు.

పొద్దున చల్లటి ఇంజను మీద స్ప్రే కొట్టి వెతికాను నేను.
వేడెక్కితేగానీ నోరు విప్పని పగులది.
వెంట్రుకంత.

బొటనవేలు అదిమి పెట్టారు.
ముల్లు ఎనిమిదొందల మీద కూర్చుంది.
మడ్‌గార్డు మీద మర్చిపోయిన నా టీగ్లాసులో
మూడు రోజుల తర్వాత
అలలు ఆగాయి.

"తియ్యండమ్మా, కాలుతుంది."
"ఉండు."
తియ్యలేదు. ఎంతసేపో.
నిలబడ్డప్పుడు దీనికి కావలసిన గాలి చాలా తక్కువ.
అది లెక్కలోంచి రావాలి, అంతే.
అది తెలిసీ నేను ఎన్ని మార్చానో చూడండి.

కరెంటొచ్చింది. సుత్తులు మొదలయ్యాయి.
అసలు పార్టు ఇప్పుడెక్కడా దొరకదు;
మారుతీ వ్యాను గొట్టం కోసి
రెండు క్లాంపులు బిగించాను.
బిల్లులో నూట ఎనభై రాస్తే
"మూడు రోజుల కూలీ ఏది?" అన్నారు.
కనిపెట్టింది మీరు కదమ్మా అన్నాను.
పెన్ను లాక్కుని ఆవిడే రాశారు,
డాక్టరు రాత, ఎంతో ఇప్పటికీ నాకు సరిగా తెలీదు,
ఇచ్చింది లెక్కపెట్టుకున్నాను.

వీధి చివర ఒక ట్రాలీ రివర్సు తీస్తోంది.
ఎర్రబండి ఆగాల్సి వచ్చింది.
మంచి చెవి అటు తిప్పాను.
ఏమీ వినపడలేదు.

"మళ్లీ ఆగిపోయినట్టుందన్నా" అన్నాడు ఏసుపాదం,
పరుగెత్తబోతూ.

లేదురా.
నిలబడింది.